మార్లవాయి హైమన్‌డార్ఫ్

కాజీపేట నుండి బల్లార్షా పోయే రైలుమార్గంలో సిర్పూరు-కాగజ్‌నగర్ అనే స్టేషను వస్తుంది. ఈ ఊరికి పూర్వనామం కొత్తపేట. నిజాం ప్రభుత్వకాలంలో, 1938లో ఇక్కడ కాగితపు మిల్లు నెలకొన్నది. 1942లో ఉత్పత్తి మొదలైనది. ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు ఆ మిల్లు పెట్టినదే. మిల్లుకు కావలసిన వెదురును ఆదిలాబాదు అడవులు ఇచ్చినవి. ఆ వెదురు కాగితమై దేశమంతటా పోయినది. కాని తరతరాలుగా ఆ అడవులలోనే కాపురమున్న గోండు పిల్లలకు చదువుకొనడానికి తమ మాటలో అచ్చయిన పుస్తకం ఒక్కటి కూడా ఆనాటి జిల్లా బడులలో లేదు. వారు దున్నిన భూమికి వారి పేరుతో పట్టా కాగితం కూడా చాలామందికి లేదు. మిల్లు యంత్రాలు తిరగనారంభించిన ఆ సంవత్సరాలలోనే, పట్టణానికి పడమటి దిక్కున, ఆసిఫాబాదు దాటి, కెరమెరి కనుమలెక్కిన తరువాత వచ్చే మార్లవాయి అనే చిన్న గ్రామంలో ఒక విదేశీయుడు గడ్డికప్పు గుడిసెలో నివాసమేర్పరచుకొన్నాడు. ఆయన చేత కెమేరా ఉన్నది. ప్రక్కన భార్య ఉన్నది. ప్రభుత్వ దృష్టిలో ఆయన శత్రుదేశపు పౌరుడు. గోండులకు ఆ రెండు కాగితాలు, పుస్తకమూ పట్టాయూ, దక్కడంలో ఆయన పాత్ర చాలా పెద్దది. ఆయన పేరు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో జన్మించినాడు. అప్పటికి వియన్నా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానికి రాజధాని. నేటి చెక్ దేశం కూడా ఆ సామ్రాజ్యంలోనిదే. ఆయన బాల్యం గడవకముందే, 1918లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఆ సామ్రాజ్యం ముక్కలైనది. ఉన్నతవంశంలో పుట్టిన ఆ బాలుడు యౌవనంలో రవీంద్రనాథ ఠాగూరు రచనలు చదివి భారతదేశంపై మక్కువ పెంచుకొన్నాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రమూ పురావస్తుశాస్త్రమూ చదివినాడు. అక్కడ రాబర్ట్ హైనె-గెల్డర్న్ అనే పండితుని ప్రభావం ఆయనపై పడినది. అస్సాం, బర్మా కొండజాతుల సంఘవ్యవస్థను గూర్చి వ్యాసం సమర్పించి 1931లో డాక్టరు పట్టం పొందినాడు. అయితే ఆ వ్యాసం గ్రంథాలయంలో పుస్తకాల నడుమ తయారైనది. ఆ కొండజాతుల వారిలో ఒక్కరినైనా ఆయన అప్పటికి చూచి ఎరుగడు. 1935లో రాక్‌ఫెల్లర్ విద్యార్థి వేతనంపై లండను వెళ్ళి, మలినోవ్‌స్కీ ఆచార్యుని గోష్ఠులలో పాల్గొన్నాడు. ఒక జాతిని తెలుసుకొనదలచినవాడు దుబాసీని పెట్టుకొని నాలుగు ప్రశ్నలడిగి మరలిపోరాదని, వారి నడుమ నెలల తరబడి కాపురముండి, వారి భాష నేర్చి, వారి పనిపాటలలో పాలుపంచుకోవలెనని ఆ ఆచార్యుని బోధ. హైమన్‌డార్ఫ్ జీవితమంతా ఆ బోధకు కట్టుబడినాడు.

మానవశాస్త్రజ్ఞుల చేతికి కెమేరా రావడం అప్పటికి కొత్త విషయమేమీ కాదు. 1898లోనే కేంబ్రిడ్జి నుండి టారెస్ జలసంధి దీవులకు వెళ్ళిన పండితబృందం వెంట చలనచిత్ర యంత్రం వెళ్ళినది. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఎస్కిమోల జీవితాన్ని చిత్రించి వార్తాచిత్రానికీ కథాచిత్రానికీ భిన్నమైన యథార్థచిత్రమనే ప్రక్రియకు ప్రపంచఖ్యాతి తెచ్చినాడు. 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్ము బజారులోకి వచ్చినది. అంతవరకు పెద్ద సిబ్బందితోనే సాధ్యమయ్యే చిత్రీకరణ, భుజాన సంచీ తగిలించుకొని కాలినడకన పోయే ఒంటరి పరిశోధకునికి సైతం అందుబాటులోకి వచ్చినది. ఆ తరానికి చెందినవాడు హైమన్‌డార్ఫ్. ఆయన సినిమా వృత్తి నేర్చినవాడు కాడు. కాని నిశ్చల ఛాయాచిత్రాలతో ప్రారంభించి, తరువాత చలనచిత్రాలు కూడ తీస్తూ, దక్షిణాసియా గిరిజన జీవితానికి ఆయన కూర్చిపెట్టిన చిత్రభాండారం వంటిది మరొక వ్యక్తి ఒంటిచేతి మీద కూర్చడం అరుదు.

1936లో ఆయన తొలిసారి నాగాకొండలకు వచ్చినాడు. అక్కడి డిప్యూటీ కమిషనరు జె. పి. మిల్స్ స్వయంగా నాగజాతుల పరిశోధకుడు. ఆయన ఆదరణతో హైమన్‌డార్ఫ్ కొన్యాక్ నాగుల గ్రామంలో నివసించి, వారి భాష నేర్చుకొని, ఛాయాచిత్రాలు తీసినాడు. ఆ సంవత్సరాంతంలో పాంగ్షా అనే గ్రామంపైకి ప్రభుత్వం దండయాత్ర నడిపినది. ఆ గ్రామస్థులు ఇరుగుపొరుగు ఊళ్ళపై బడి మనుష్యులను చంపి, కొందరిని బానిసలుగా పట్టుకొనిపోయిన నేరానికి అది శిక్ష. మిల్స్ నాయకత్వాన సాగిన ఆ దళం వెంట హైమన్‌డార్ఫ్ కూడ వెళ్ళినాడు. గ్రామాన్ని తగులబెట్టడం కళ్ళారా చూచినాడు. 1939లో వెలువడిన తన నాగా గ్రంథంలో ఆ యాత్రను ఉత్సాహంతోనే వర్ణించినాడు. అప్పటికాయన వయస్సు ముప్పది లోపు. సర్కారు దళం వెనుక నడుస్తూ లోకాన్ని చూచిన కాలమది. నాలుగైదేండ్లు తిరగకముందే మరొక దళం నడిచిన దారిలో, ఆ దళం వెళ్ళిపోయిన తరువాత, ఆయన నడువవలసి వచ్చినది. ఆ రెండవ నడకయే ఆయనను మార్చినది.

1938లో బెట్టీ బర్నార్డో అనే ఆంగ్లేయ యువతిని ఆయన వివాహమాడినాడు. అదే ఏడు హిట్లరు ఆస్ట్రియాను కబళించినాడు. దానితో హైమన్‌డార్ఫ్ కోరకుండానే జర్మను పౌరుడైనాడు. 1939లో దంపతులు మరల భారతదేశం వచ్చినారు. నాగాకొండలకు తిరిగిపోవాలని ఆయన సంకల్పం. సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైనది. జర్మను పాస్‌పోర్టు కలవాడు గనుక బ్రిటిషు అధికారులు ఆయనను నిర్బంధంలోకి తీసుకొన్నారు. ఆయనతో పరిచయమున్న అధికారులు మర్యాదకు లోటు రానీయలేదు. ఆయనను ముళ్ళకంచె శిబిరంలో ఉంచక, హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదనే షరతుపై విడిచినారు. ఆ విధంగా యుద్ధం ఆయనకు నాగాకొండలను దూరం చేసి తెలుగునేలను దగ్గర చేసినది.

సంస్థానం దాటిపోరాదన్న ఆజ్ఞను ఆయన సంస్థానాన్ని సంపూర్ణంగా తెలుసుకొనడానికి అవకాశంగా మార్చుకొన్నాడు. 1940లో అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించినాడు. గడ్డలు త్రవ్వుకొని, తేనె తీసి, చిన్న చిన్న పెంటలలో బ్రతికే ఆ జనాన్ని గూర్చిన గ్రంథం 1943లో వెలువడినది. 1941లో గోదావరి తీరాన, పాపికొండలలో కొండరెడ్ల పోడు వ్యవసాయాన్ని పరిశీలించినాడు. ఆ గ్రంథం 1945లో వచ్చినది. అటుపిమ్మట ఆదిలాబాదు గోండుల వద్దకు వచ్చినాడు. ఆహారాన్ని ఏరుకొని బ్రతికే చెంచులు, కొండవాలున పోడు కొట్టుకొనే రెడ్లు, నాగలి పట్టి జొన్న పండించే గోండులు అన్న ఈ వరుసలో మానవుని జీవనోపాయాల మెట్లన్నీ ఒక్క సంస్థానంలోనే ఆయనకు కనబడినవి. ఈ మూడు జాతులను గూర్చి అంత సమగ్రమైన పరిశీలన అంతకుముందు లేదు.

ఆ రోజులలో అడవిలో చలనచిత్రం తీయడమంటే ఎంత శ్రమయో నేటి విద్యార్థులు ఊహించడం కష్టం. 16 మిల్లీమీటర్ల కెమేరాలలో ఎక్కువవాటికి విద్యుత్తుతో పని లేదు. గడియారానికి వలె చేతితో మర త్రిప్పి వదిలితే ఫిల్ము కొద్ది క్షణాలపాటు నడిచి ఆగిపోతుంది. నూరు అడుగుల చుట్ట మూడు నాలుగు నిమిషాలలో అయిపోతుంది. ఆపైన చుట్ట మార్చవలె. మార్చేటప్పుడు వెలుతురు సోకరాదు. చెమ్మ తగిలినా, ఎండ మితిమీరినా ఫిల్ము పాడౌతుంది. యుద్ధకాలంలో ముడిఫిల్ముకు కరవు. తీసినది ఎట్లా వచ్చినదో అప్పటికప్పుడు చూచుకొనే వీలు లేదు. ఇన్ని ఆటంకాలున్నప్పుడు కెమేరా పట్టినవాడు ఏది తీయవలెనో ముందుగానే తెలిసికొని ఉండవలె. రేపటి పండుగలో ఏ ఘట్టం వెనుక ఏ ఘట్టం వస్తుందో, ఎవరు ముందు నిలుస్తారో, దేవరకు బలి ఎప్పుడు జరుగుతుందో ఎరిగినవాడే ఆ మూడు నిమిషాలను సార్థకం చేసుకొనగలడు. అందుకు ఆ గ్రామంలో కాపురముండి, భాష నేర్చి, మనుష్యుల విశ్వాసం సంపాదించడం తప్ప దగ్గరిదారి లేదు. మలినోవ్‌స్కీ బోధించిన పద్ధతి ఫిల్ము పొదుపుకు కూడ అక్కరకు వచ్చినది.

ఆయన ఆదిలాబాదుకు రావడానికి కేవలం పాండిత్యాభిలాషయే కారణం కాదు. 1940లో ఆసిఫాబాదు ప్రాంతంలోని జోడేఘాట్ కొండపై నిజాం పోలీసుల తుపాకులకు కుమ్రం భీము బలియైనాడు. ఆయనతో పాటు మరికొందరు గోండులు అసువులు బాసినారు. తాము నరికి దున్నుకొన్న పోడుభూములను అటవీశాఖవారు లాగుకొని, గుడిసెలు కాల్చి వెళ్ళగొట్టగా, పన్నెండు గ్రామాలవారి పక్షాన భీము ప్రభుత్వంతో పెనగులాడినాడు. అర్జీలు పెట్టినాడు. హైదరాబాదుకు పోయి మొరపెట్టినాడు. ఫలితం లేకపోగా ఆయుధం పట్టినాడు. తిరుగుబాటును అణచిన పిదప, అసలు ఈ జనం ఎందుకు తిరగబడినారో తెలుసుకొనవలసిన అవసరం ప్రభుత్వానికి తోచినది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించినది. పాంగ్షాలో దళంతో కూడ నడిచినవాడు ఇప్పుడు దళం కాల్పులు జరిపి వెళ్ళిపోయిన కొండలలో, భీతితో నోరు విప్పని మనుష్యుల మధ్య నడిచినాడు.

గోండులకు ఒకనాడు రాజ్యాలుండేవి. చాందా కోట వారిది. ఉట్నూరులో వారి రాజవంశీయులు ఉండేవారు. కాగజ్‌నగర్‌కు సమీపాననున్న సిర్పూరు వారి పురాతన రాజధాని అని జనశ్రుతి. అటువంటి జాతి తమ సొంతభూమిపై కౌలుదార్లుగా, పాలేర్లుగా దిగజారడానికి కారణాలను ఆయన ఊరూరా తిరిగి విచారించినాడు. భూమి ఉన్నన్నాళ్ళు గోండుకు పట్టా అక్కర లేకపోయినది. నేల అలసినప్పుడు మరొక చోటికి పోయి, కొన్నేండ్లకు తిరిగివచ్చి దున్నుకొనేవాడు. సర్వే వచ్చి, రక్షితారణ్యాల గీతలు గీసినప్పుడు, బీడుగా వదలిన పొలాలు అడవి క్రిందికి పోయినవి. రైలూ బాటలూ వచ్చిన వెనుక మైదానాల నుండి సాహుకార్లూ, సేద్యగాండ్రూ వచ్చినారు. కచ్చేరి భాష తెలిసినవారు పట్టాలు వ్రాయించుకొన్నారు. గోండుకు చదువు లేదు. పట్వారీ ఏమి వ్రాసినాడో చదివి చెప్పేవాడు అతని జాతిలో లేడు. భీము తిరుగుబాటుకు కారణం గోండుల మొండితనం కాదని, వారి భూమిని వారికి కాకుండా చేసిన పరిపాలనయే కారణమని హైమన్‌డార్ఫ్ తేల్చినాడు. తనను నియమించిన ప్రభుత్వానికే ఆ మాట వ్రాసి ఇచ్చినాడు. ఆయన నివేదికలు 1945లో గ్రంథరూపం దాల్చినవి.

మార్లవాయిలో ఆయన కెమేరా చూచినదేమిటి? దీపావళి వేళ ఊరినుండి ఊరికి కదలిపోయే దండారి బృందాలను చూచినది. నెమలియీకల పెద్ద తలపాగాతో, ఒంటినిండ బూడిదతో, భుజాన మేకతోలుతో చిందులువేసే గుస్సాడీలను చూచినది. గోత్రదేవతయైన పెర్సపేనుకు జరిగే పూజలను, పెండ్లిళ్ళను, కర్మకాండలను, దుక్కినీ కోతనూ చూచినది. గోండుల సంఘం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల కూటములుగా ఏర్పడినది. ఆ కూటములకు మూలపురుషుడైన పహండి కుపార్ లింగాల్ గుహలో చిక్కిన గోండుల దేవతలను విడిపించిన గాథను తరతరాలుగా పాడుతూ కాపాడినవారు ప్రధానులు. కిక్రి అనే తీగవాద్యాన్ని కమానుతో మీటుతూ వారు ఆ గాథను రాత్రుల తరబడి గానం చేస్తారు. అక్కడ హైమన్‌డార్ఫ్ కెమేరాకు ఒక పెద్ద లోటు ఎదురైనది. ఆ కెమేరాకు చెవులు లేవు. కిక్రిపై కమాను కదలడం ఫిల్ముపై పడుతుంది గాని పాట పడదు. గోండుల చరిత్రయంతా పాటలోనే ఉన్నది. ఈ లోటును ఆయన కలంతో పూడ్చినాడు. ప్రధానులు చెప్పిన గాథలను సవిస్తరంగా వ్రాసికొన్నాడు. 1948లో వచ్చిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథానికి పురాణాలూ పూజావిధులే ప్రధానవిషయం. చిత్రం చూపలేనిది పుస్తకంలోనూ, పుస్తకం చెప్పలేనిది చిత్రంలోనూ నిలిచినది.

ఇంతవరకు చేసి మరలిపోయి ఉంటే ఆయన మంచి పండితుడని మాత్రమే చెప్పుకొనేవారము. గోండులు మాత్రం ఆయనను జ్ఞాపకం పెట్టుకొని ఉండేవారు కారు. తాను చిత్రిస్తున్న జీవితం తన కళ్ళయెదుట అంతరిస్తున్నదని, చిత్రం మిగిలి మనుష్యులు మిగలకపోతే ప్రయోజనం లేదని ఆయన గ్రహించినాడు. అప్పటి రెవెన్యూ మంత్రి డబ్ల్యు. వి. గ్రిగ్‌సన్ బస్తరు గోండులపై గ్రంథం వ్రాసిన విద్వాంసుడు. ఆయన అండతో హైమన్‌డార్ఫ్ సిఫారసులు కార్యరూపం దాల్చినవి. గిరిజనులకు ప్రత్యేక నిబంధన క్రింద వెల లేకుండా పట్టాలివ్వడం మొదలైనది. 1940ల దశకం ముగిసేసరికి ఆదిలాబాదు జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాల భూమి గిరిజన కుటుంబాలకు సంక్రమించినది. 1946లో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక చట్టం వచ్చినది. తుపాకీకి బదులు పట్టా ఇచ్చి ఉంటే భీము బ్రతికి ఉండేవాడే. ఆయన ప్రాణత్యాగం చేయకుంటే ఈ పట్టాలు వచ్చేవి కావన్నది కూడ అంత సత్యమే. హైమన్‌డార్ఫ్ నివేదికకు బలమిచ్చినది జోడేఘాట్‌లో ఒలికిన నెత్తురు.

ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనింపదగినది ఆయన విద్యాపథకం. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలసినది. ఆరంభంలోనే ఒక చిక్కు వచ్చినది. ఉపాధ్యాయులు కావలెనంటే చదువుకొన్న గోండులు కావలె. చదువుకొన్న గోండులు కావలెనంటే ఉపాధ్యాయులు కావలె. మైదానం నుండి వచ్చే పంతుళ్ళకు గోండి రాదు. కొండలలో నిలువడానికి మనసొప్పదు. అందుచేత ఓనమాలు మాత్రమే తెలిసిన కొద్దిమంది గోండు యువకులను ఏరి, వారికే శిక్షణ ఇచ్చి పంతుళ్ళను చేసినారు. గోండికి అక్కడ వాడుకలో లిపి లేదు. ఆ ప్రాంతంలో మరాఠీ ప్రచారం ఎక్కువ గనుక దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారుచేసినారు. పిల్లవాడు మొదట తన మాటలో అక్షరాలు నేర్చి, ఆపైన ఇతర భాషలకు పోయే ఏర్పాటు చేసినారు. ఈ కృషిలో సేతుమాధవరావు పగ్డి వంటి అధికారులు పాల్గొన్నారు. పగ్డి గోండి నేర్చుకొని ఆ భాషకు వ్యాకరణం కూడ వ్రాసినాడు. శిక్షణ పొందిన యువకులు పంతుళ్ళు కావడమే గాక, కొందరు పట్వారీలైనారు, కొందరు అటవీ ఉద్యోగులైనారు. ఏ దస్తావేజు చదువలేక తండ్రులు పొలాలు పోగొట్టుకొన్నారో, ఆ దస్తావేజును కొడుకులు వ్రాయగలవారైనారు. చదువుకు ఇంతకు మించిన ప్రయోజనం వేరే ఉండబోదు.

ఈ పనులన్నిటిలో బెట్టీ ఆయనకు తోడునీడయై ఉన్నది. నగరజీవితం విడిచి గడ్డిగుడిసెలో కాపురం చేసినది. అపరిచితులైన మగవారు వెళ్ళి అడుగలేని ఆడవారి ముచ్చట్లు, కష్టసుఖాలు ఆమెకు అందినవి. ఆయన గోండు గ్రంథాల కృషిలో ఆమె భాగస్వామిని. గోండులు ఈ దంపతులను పరాయివారుగా ఎంచలేదు. మార్లవాయి పెద్దయైన లచ్చు పటేలుతో వారికి గాఢమైన స్నేహం.

హైమన్‌డార్ఫ్ కృషిని విమర్శించినవారూ లేకపోలేదు. ఆయన పనిచేసినది భీమును చంపిన ప్రభుత్వం క్రిందనే. గిరిజనులను వెలుపలి ప్రపంచం నుండి కాపాడవలెనన్న ఆయన దృష్టి వారిని వస్తుప్రదర్శనశాలలో ఉంచినట్లు దూరంగా నిలుపుతుందని కొందరు భావించినారు. ఈ విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. అయితే ఒక సంగతి మరువరాదు. వస్తుప్రదర్శనశాల కోరేవాడు బడి పెట్టడు. పట్టా ఇప్పించడు. దస్తావేజులు వ్రాసే చదువు నేర్పడు. గోండు తన దేవతలనూ తన పాటనూ వదలుకొనకుండానే కచ్చేరిలో తలయెత్తి నిలువవలెనని ఆయన ఆశయం.

యుద్ధం చివరి సంవత్సరాలలో, 1944-45లో, ప్రభుత్వం ఆయనను ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపినది. నిన్నటి నిర్బంధితుడు నేటి సరిహద్దు అధికారియైనాడు. అక్కడ ఆపాతానీల లోయలో పరిశోధన చేసినాడు. 1945లో హైదరాబాదుకు తిరిగివచ్చి గిరిజన, వెనుకబడిన వర్గాల విషయాలలో ప్రభుత్వానికి సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యుడుగాను పనిచేసినాడు. కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొరలు వినే దర్బారు ఆ దశాబ్దంలో ఆయన చొరవతోనే ప్రారంభమైనది. వేలమంది ఒకచోట చేరే రోజున అధికారియే వారి వద్దకు రావలెనన్నది ఆయన ఆలోచన. ఆ దర్బారు ఆనవాయితీ ఆయన తరువాత కూడ నిలిచినది.

1949లో ఆయన లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన పాఠశాలలో చేరినాడు. 1951లో ఆచార్యుడై, 1976లో విరమించేవరకు అక్కడనే బోధించినాడు. 1953లో నేపాలుకు వెళ్ళి షెర్పాల నడుమ పరిశోధన ప్రారంభించినాడు. చిరకాలంగా విదేశీయులకు తలుపులు మూసియున్న ఆ దేశంలో అడుగుపెట్టిన తొలి మానవశాస్త్రజ్ఞులలో ఆయన ఒకడు. షెర్పాలపై గ్రంథం 1964లో వచ్చినది. హిమాలయాలలో ఆయన 16 మిల్లీమీటర్ల చిత్రాలు విరివిగా తీసినాడు. 1970లో బి.బి.సి. టెలివిజను నాగుల జీవితంపై ఆయన చిత్రాన్ని ప్రసారం చేసినది. ఆయన శిష్యుడు మైకేల్ యార్క్ 1970ల దశకంలో ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి పరిశోధించినాడు. తరువాత యథార్థచిత్రాల నిర్మాతయైనాడు. గురువు మొదలుపెట్టిన మార్గం శిష్యుని చేత పూర్తి వృత్తియైనది.

ఉద్యోగం విరమించిన తరువాత హైమన్‌డార్ఫ్ మరల ఆదిలాబాదు వచ్చి తన పాతగ్రామాలను దర్శించినాడు. చూచినది ఆయనకు సంతోషం కలిగించలేదు. ఈ నడుమ సంస్థానం 1948లో భారతదేశంలో కలిసినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. గిరిజనుల భూమి ఇతరులకు పోరాదని 1959లో చేసిన శాసనం 1963లో తెలంగాణకు వర్తించినది. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేసినారు. శాసనం కాగితంపై గట్టిగానే ఉన్నది. కాని బాటలు పెరిగినకొలది వలస వచ్చినవారు పెరిగినారు. అప్పులు, కౌళ్ళు, బినామీ వ్రాతల ద్వారా ఆయన కాలంలో దక్కిన భూములు అనేకం చేయిజారినవి. తాను ఒకప్పుడు చిత్రించిన గ్రామాలలో గోండులే అల్పసంఖ్యాకులు కావడం ఆయన చూచినాడు. ఈ అనుభవాన్ని 1979లో వచ్చిన గోండుల గ్రంథంలోను, గిరిజనుల మనుగడ పోరాటాన్ని గూర్చి 1982లో వచ్చిన గ్రంథంలోను నిర్మొహమాటంగా వ్రాసినాడు. ఆ గ్రంథం రావడానికి ఒక సంవత్సరం ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమికోసం కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపినారు. మరణించినవారు 13 మంది అని ప్రభుత్వ లెక్క. జోడేఘాట్ ఘటనకు నలుబది ఏండ్ల తరువాత అదే జిల్లాలో, అదే భూమికొరకు మరల నెత్తురు ఒలికినది.

ఒక వ్యక్తి చేసిన మేలు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు ఈ చరిత్రలో సమాధానం ఉన్నది. పట్టాను కాపాడడానికి శాసనం కావలె, శాసనాన్ని కాపాడడానికి చదువుకొన్న జనం కావలె. ఆయన నాటిన మూడింటిలో భూమి కొంత పోయినది గాని చదువు పోలేదు. మార్లవాయి శిక్షణతో మొదలైన అక్షరజ్ఞానం నుండి ఉపాధ్యాయులు, ఉద్యోగులు, నాయకులు పుట్టినారు. తమ భూమికోసం తామే అర్జీ వ్రాసుకొని, తామే వాదించుకొనగల తరం వచ్చినది. 2016లో కాగజ్‌నగర్ ప్రాంతం కలిసిన కొత్త జిల్లాకు కుమ్రం భీము పేరు పెట్టడం ఆ తరం కన్న కలలలో ఒకటి.

1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో కన్నుమూసినది. ఆమెను మార్లవాయిలో సమాధి చేసినారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండనులో మరణించినాడు. ఆయన చితాభస్మం 2012లో మార్లవాయి చేరి, భార్య సమాధి ప్రక్కనే భూస్థాపితమైనది. ఏటేటా జనవరిలో గోండులు అక్కడ కూడి దంపతులకు నివాళులర్పిస్తున్నారు. ఆ మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ గౌరవం పొంది, 2024లో దివంగతుడైనాడు. హైమన్‌డార్ఫ్ కెమేరా నమోదు చేసిన నృత్యం ఫిల్ముపై మాత్రమే మిగిలిన గతం కాలేదు. ఆ ఊరివాని కాళ్ళలో బ్రతికే ఉన్నది.

ఆయన తీసిన వేలాది ఛాయాచిత్రాలు, చలనచిత్రపు చుట్టలు లండనులో ఆయన బోధించిన విద్యాసంస్థ భద్రపరచినది. హిమాలయాలకు సంబంధించిన చిత్రాలను 2000లో ఆరంభమైన ఒక కేంబ్రిడ్జి పథకం కంప్యూటరు రూపంలోకి మార్చి అందరికీ చూపనారంభించినది. ఆదిలాబాదు చిత్రాలను కూడ ఇక్కడి బడులలో పిల్లలు చూడగలిగితే, తమ ముత్తాతలు ఎట్లా నడిచినారో, ఎట్లా దుక్కి దున్నినారో వారికి తెలుస్తుంది. ఆ చిత్రాలలో పాట వినబడదు. ఆ పాట తెలిసిన ప్రధానుల వంశాలవారు ఇంకా ఈ గ్రామాలలోనే ఉన్నారు. చిత్రాన్ని లండను దాచినది, పాటను పల్లె దాచినది. రెండింటినీ ఒకచోట చేర్చి పిల్లలకు అందించే పని మాత్రం మిగిలి ఉన్నది. అది మార్లవాయి బడి వంటి బడులలో పనిచేసే ఉపాధ్యాయుల చేతులలోనే ఉన్నది.